లోపలికే తిరిగిన పాదాలు

అనుమానమే నా జబ్బంటాడు రాయగడ డాక్టరు. ఆ మాటా నేను నమ్మను. బిళ్ళలు మాత్రం మింగుతాను, అమ్మ నా నోరు తెరిపించి మరీ చూస్తుంది గనక.

మార్గశిర గురువారం పొద్దున్న లేచేసరికి వీధి గుమ్మం నుంచి నా మంచం దాకా తెల్లటి అడుగులు. బియ్యప్పిండితో వేసిన లక్ష్మీపాదాలని నాకూ తెలుసు. మా జేకేపూర్ కాలనీలో ఒడియావాళ్ళు ఇంటింటా వేస్తారు. పక్కింటి సస్మిత మా అమ్మకీ నేర్పింది. తెలిస్తే మాత్రం? వేళ్ళన్నీ లోపలికే తిరిగున్నాయి. బయటికెళ్ళిన అడుగు ఒక్కటీ లేదు. మరి వచ్చిన మనిషేదీ?

మంచం కింద చూశాను. బీరువా వెనక చూశాను.

"ఏటెతుకుతన్నావురా?" అంది అమ్మ, పిండిచేతులతో.

"ఎవుల్ని దాచేవు? బయటికెల్లిన అడుగులేవి?"

అమ్మ నవ్వలేదు. నవ్వితే నాకు ఒళ్ళు మండుతుందని ఆవిడకి తెలుసు.

"ఎల్లే అడుగులు ఎయ్యకూడదు నాయినా. తల్లి ఒచ్చి ఉండిపోవాలనే గదా ఏసేది."

"శ్వేత కూడా కుడికాలెట్టే ఒచ్చింది. ఉందేటి?"

నా పెళ్ళాం పేరెత్తేసరికి అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వచ్చిన తల్లి ఎప్పుడు జారుకుంటుందో పట్టుకుందామని ఆ రోజంతా మంచం దిగకుండా కాపలా కాశాను. పడుకునే ముందు, ఏ రోజూ మరవని గడియ కావాలనే పెట్టలేదు. వెళ్ళేదుంటే ఇప్పుడే వెళ్ళనీ అనుకున్నాను.

తెల్లారి లేచి, ముందు నేల చూశాను. నమ్మకం కుదరక వంగి మళ్ళీ చూశాను.

వేళ్ళు నా వైపే ఉన్నాయి.