జీబ్రా మీద ఎర్ర పూలు

బడి ముందు లారీలు ఆగవు. అక్కడ స్పీడ్ బ్రేకర్ వేయమని వెలిచ్కా ఏడాదిగా మునిసిపాలిటీ చుట్టూ తిరిగింది. "బ్రేకర్‌కి అనుమతి రాదమ్మా. కావాలంటే అక్కడి జీబ్రా క్రాసింగ్ గీతలకి రంగులేసుకోండి. అందంగా ఉంటే వాళ్లే ఆగుతారు," అన్నాడు చివరికి గుమాస్తా. బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరం అంచున ఉన్న ఆ పేటలో ఎవరైనా ఆగి చూసేంత అందమైనది ఒక్కటీ లేదు. సరే అనుకుంది. సెప్టెంబరులో కూతురు నేవెనా ఒకటో తరగతికి ఆ రోడ్డే దాటాలి.

అత్తగారు జ్లాతా పెళ్లిబట్టల మీది ఎర్ర పూల కుట్టు చూసి వెలిచ్కా అట్టతో అచ్చులు కత్తిరించింది. రోడ్డు రంగు వర్షాలకు వెలిసిపోతుందని, బాల్కనీ ఊచలకు వేసే ఎనామిల్ రంగు తెప్పించింది. పక్కింటి దోంచో రెండు పూతలు వేశాడు.

"అద్దంలా వచ్చిందే పిల్లా! ముఖం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు."

"నీ ముఖం చూస్తే లారీలు ఆగడం కాదురా, వెనక్కి పోతాయి," అంది జ్లాతా.

నిజంగానే బళ్లు నెమ్మదించాయి. వంట మధ్యలో గరిటెతోనే కిటికీ దగ్గరికి వచ్చి చూసుకునేది వెలిచ్కా.

పిల్ల మొదటిసారి బడికి బయల్దేరుతుంటే, అక్కడి ఆచారం ప్రకారం గడప ముందు రాగి చెంబుతో నీళ్లు పెట్టి కాలితో తన్నిస్తారు, చదువు నీళ్లలా సాఫీగా సాగాలని. నేవెనా బడికి వెళ్లే మొదటి రోజు పొద్దున వెలిచ్కా చెంబుని జీబ్రా దగ్గరికి తీసుకొచ్చింది.

"గడప దగ్గర చేసేది నడిరోడ్డు మీదేంటే?"

"మన భయమంతా ఇక్కడే కదత్తయ్యా. ఇక్కడే సాఫీగా సాగాలి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. కానీ, కానీ."

నేవెనా తన్నింది. ఎర్ర పూల మీద నీళ్లు పరుచుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చెంబు దొర్లుకుంటూ రోడ్డు మధ్యకు పోయింది.

"మా అమ్మ ఇచ్చిన చెంబే!" అంటూ జ్లాతా దాని వెనకే వెళ్లింది. రెండో అడుగుకే కాలు జారి పడింది. వస్తున్న వ్యాను డ్రైవరు చూశాడు. బ్రేకు కూడా వేశాడు. తడిసిన ఎనామిల్ మీద చక్రాలు నిలవలేదు.

వెలిచ్కాని ఎవరూ ఏమీ అనలేదు. భర్త కూడా. డ్రైవరు తాగి ఉంటాడని పేటంతా అంది. అతను బ్రేకు వేయడం ఆమె కళ్లారా చూసింది. పోలీసులకు చెప్పింది. ఇరుగుపొరుగుకు మాత్రం చెప్పలేదు.

జ్లాతా అంత్యక్రియలయ్యాక దోంచో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "గీకేయనా పిల్లా, ఆ రంగు?"

"గీకేస్తే బళ్లు ఆగవు బాబాయ్."

"ఉంచితే?"



సోమవారం నేవెనాని బడికి తీసుకెళ్లింది. జీబ్రా దగ్గరికి రాగానే పిల్ల చెయ్యి గుంజుకుంది.

"అక్కడ కాదమ్మా. అక్కడ నానమ్మ పడిపోయింది."

"నేను పట్టుకుంటాగా తల్లీ. రా."

"నేను రాను. నువ్వే కదా అక్కడ నీళ్లు పెట్టావు!"

ఇద్దరూ దిగువకు నడిచారు. అక్కడ రోడ్డు వంపు తిరుగుతుంది. గీతలూ లేవు, రంగులూ లేవు. ఆగి ఉన్న ట్రక్కుల సందులో నిలబడి, పిల్ల మణికట్టు గట్టిగా బిగించి పట్టుకుంది. లారీలు వేగం తగ్గించకుండా పోతున్నాయి. కాస్త సందు దొరికింది.

"పరిగెత్తు," అంది.