పులుపు లేని గోంగూర

కాత్యాయని మేడం తన బాల్కనీలో మొక్క చచ్చిపోతోందని నన్ను పిలిచేనాటికి నా ఖురూజ్ పడి పది రోజులయింది. ఖురూజ్ అంటే ఇక తిరిగి రానక్కర లేదని ఇచ్చే కాగితం. మా కంపెనీ నితాఖత్ లెక్కలో ఎర్రరంగులోకి పోయింది. సౌదీవాళ్లను చాలినంతమందిని పనిలో పెట్టుకోని కంపెనీకి ఆ రంగు వేస్తారు. ఎర్రలో పడ్డాక మాలాంటివాళ్ల ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, మళ్లీ చేయించడం కుదరదు. ముసలివాళ్లను ముందు పంపిస్తున్నారు.

ధహ్రాన్ నుంచి ఖోబర్‌కు పోయే దారిలో, మేడంవాళ్లు ఉండే విల్లాల కాంపౌండ్‌లో ఇరవై రెండేళ్లు తోటపని చేశాను. పెళ్లాం పిల్లల మీద కూడా తలకింత అని లెవీ పెట్టిన తర్వాత ఒక్కొక్క కుటుంబం ఇంటికి పోతూ వచ్చింది. ఆ ఏడాది ఆగస్టుకు సగం విల్లాలకు తాళాలు. మనుషులు లేని ఇళ్ల ముందు కూడా గడ్డి కోస్తూనే ఉన్నాను. మనుషులు పోయారని గడ్డికి ఎవరు చెబుతారు?

ఆ రోజు సముద్రం మీది నుంచి తడిగాలి వచ్చింది. అట్లాంటి రోజున ఆకాశం విరిగిన పాలలాగా ఉంటుంది. గోడలు, ఖర్జూరపు చెట్లు, కార్లు అన్నీ నీళ్లకింద ఉన్నట్టు మెల్లగా కదులుతాయి. నడుస్తున్నామో తేలుతున్నామో తెలియదు.

"ఏంటి దేవన్నా, గుమ్మంలోనే నిలబడిపోయావ్? లోపలికి రా. నా గోంగూర ఎలా అయిపోయిందో చూడు" అంది మేడం.

ఆమెది గుంటూరు దగ్గర. భర్త అచ్యుతరావు సార్ రాస్ తనూరాలో ఇంజనీరు. తెల్లవారకముందే పోయి పొద్దుగూకాక వస్తాడు. ఆమె పగలంతా ఒక్కతే. బాల్కనీ గట్టు మీద మూకుడులో గింజలు పోసి పావురాలతో మాట్లాడుతూ ఉంటుంది.

మొక్క పెయింటు బకెట్‌లో ఉంది. మోకాలంత ఎత్తు. కింది ఆకులు పసుపుపచ్చ. పై ఆకులు ముడుచుకుపోయి, కొనలు మాడాయి. ఒక ఆకును పట్టుకుని చూశాను. అంచు రంపంలాగా ఉంది. రెండు వేళ్ల నడుమ నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

అది గోంగూర కాదు. గంజాయి. చూపుకు రెండు ఆకులూ ఒక్కలాగే ఉంటాయి.

మెట్‌పల్లి పక్క మా మేనమామ పసుపు చేను నడుమ రెండు చెట్లు ఎప్పుడూ ఉండేవి. ఆబ్కారివాళ్లు పీకేసేవాళ్లు. మళ్లీ మొలిచేవి. ఆ వాసన నా ముక్కుకు అమ్మ చీర వాసనంత పాతది.

"మా ఊరి విత్తనాలు. పిడికెడు చల్లితే ఇదొక్కటే మొలిచింది. ఆడపిల్లని పెంచినట్టు పెంచుతున్నా" అంది మేడం.

మూకుడులోకి చూశాను. సజ్జలు, జొన్నలు, పొద్దుతిరుగుడు, వాటి నడుమ బూడిదరంగు గుండ్రటి గంజాయి గింజలు. అంగట్లో అమ్మే పక్షుల దాణాలో అవి కలుస్తాయి. పావురాలు చిమ్మితే ఒకటి బకెట్‌లో పడింది. గోంగూర గింజలు మొలవలేదు, ఇది మొలిచింది.

అప్పుడే చెప్పవలసింది. నోటికంటే ముందు చెయ్యి పోయింది. వేలు మట్టిలోకి దించాను. రెండో కణుపు దాకా బురద. బకెట్ ఎత్తి చూశాను, బావిలోంచి తోడినంత బరువు.

"దీనికి పొక్క లేదు మేడం."

"కన్నం పెడితే నీళ్లు కారి బాల్కనీ పాడవదూ?"

"ఎన్ని నీళ్లు పోస్తున్నరు?"

"పొద్దునో చెంబు, సాయంత్రమో చెంబు. అదీ కొళాయి ఉప్పునీళ్లు కాదు, ఏసీ నీళ్లు పట్టి పోస్తున్నా. ఇంత సేవ మా అత్తగారికి చేసుంటే ఆస్తి రాసిచ్చేది."

బకెట్ ఒరగేసి మట్టిగడ్డతో సహా మొక్కను బయటికి తీశాను. వేళ్లు నల్లబడి మురుగు వాసన వేస్తున్నాయి. తెల్లవి నాలుగైదు మిగిలాయి. నల్లవన్నీ కత్తెరతో తీసేశాను. మేకు కాల్చి బకెట్ అడుగున పొక్కలు పెట్టాను. గులకరాళ్లు, వాటి మీద ఇసుక, మాగిన గొర్రె ఎరువు కొంచెం. మొక్కను మళ్లీ నిలబెట్టాను. చేతులు వాటంతట అవే పని చేశాయి.

"నాలుగొద్దులు సుక్క నీళ్లు పొయ్యకుండ్రి."

"చచ్చిపోదూ?"

"దానికి దూప కాదు మేడం. మునిగింది. ఆరినంక బియ్యం కడిగిన నీళ్లు పొయ్యిండ్రి. ఏసీ నీళ్లు ఉత్త తడి. అండ్ల తిండి ఉండది."

"ఇవాళ చాలా మాట్లాడేశావ్. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటావుగా రోజూ" అని నవ్వింది.

చెప్పవలసిన ఒక్క మాట మాత్రం నేను చెప్పలేదు.

వేసవిలో పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ కట్టడి. ఆ పూట గడ్డికోసే మిషన్ల షెడ్డులో పడుకుంటాను. చేతులు సబ్బుతో కడిగినా వాసన పోలేదు. అరచెయ్యి ముఖం మీద పెట్టుకుని పడుకున్నాను. నిద్ర కాదు, మెలకువ కాదు. రేకుల మీద ఎండ టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు మెల్లగా మోట చప్పుడయింది. పసుపు చేలో కాలువ నీళ్లు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లుతున్నాయి. నేను చిన్నగా ఉన్నాను. మేనమామ గట్టు మీద ఉన్నాడు. "అరే దేవిగా, దాని నీడల పండకురా, మబ్బు జేస్తది" అంటున్నాడు. లేచిపోదామంటే కాళ్లకు పసుపు ఆకులు చుట్టుకున్నాయి. ఆ నీళ్ల చల్లదనం నిజంగా పాదాలకు తగిలింది. లేచి చూస్తే మూడున్నర.

ఆ తర్వాత పిలవకపోయినా పోయాను. ఐదో రోజుకు నడిమి కొన తల ఎత్తింది. పదో రోజుకు ఆకులు వేళ్లు పరిచాయి. ఐదు వేళ్లు, ఏడు వేళ్లు. పసుపు రంగు కిందికి దిగి రాలిపోయింది. సాయంత్రం తడిగాలిలో ఆ వాసన బాల్కనీ దాటి మెట్ల దాకా వచ్చేది. మెట్ల మీద నిలబడి పీల్చుకునేవాణ్ణి. ఈ దేశంలో నేను బతికించే చివరి మొక్క ఇదే అనుకునేవాణ్ణి. మళ్లీ మధ్యాహ్నం షెడ్డులో పడుకోగానే చేను వచ్చేది. ఇరవై రెండేళ్లలో రానిది రోజూ వచ్చింది. అందుకే ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని నోరు కుట్టుకున్నాను.

అట్లా ఉండగా బుధవారం నాడు మేడం మెట్ల మీదికి ఎదురొచ్చింది.

"దేవన్నా, ఎల్లుండి శుక్రవారం మా ఇంట్లో భోజనాలు. శనివారం నేను ఇండియా వెళ్లిపోతున్నా, ఆ లెవీ ఇంక మా వల్ల కాదు. ఐదు కుటుంబాలు వస్తాయి. గోంగూర పప్పు, గోంగూర పచ్చడి. అందరికీ నీ పేరే చెప్తా. మిగిలిన కొమ్మలు తలా ఒకటి ఇచ్చేస్తా, నాటుకుంటారు."

తల ఊపి వచ్చాను. షెడ్డులో పడుకుంటే ఆ పూట చేను రాలేదు. ఐదు కుటుంబాల విస్తళ్లు వచ్చాయి. పిల్లలు తింటున్నారు. ఒకరు తూలి పడ్డారు. ఆసుపత్రివాళ్లు ఏం తిన్నారని అడుగుతారు. పోలీసులు వస్తారు. ఎవరు నాటారు, ఎవరు బతికించారు? ఆ ఆకుకు ఈ దేశంలో మాఫీ లేదు. మేడం జైలుకు పోతుంది, సార్ పోతాడు, నేను పోతాను. వచ్చే బుధవారం నా విమానం. చిన్నవ్వ, నా భార్య, ఫోనులో వేళ్లు మడిచి రోజులు లెక్కబెడుతోంది. నేను జైల్లో రోజులు లెక్కబెట్టుకోవాలి.

గురువారం మూడు దాటగానే పోయాను. మేడం కత్తెర, పళ్లెం పట్టుకుని బాల్కనీలోనే ఉంది.

"మేడం, అది పుంటికూర కాదు."

"పుంటికూర ఏంటి? గోంగూర."

"మేం పుంటికూర అంటం. అది గాదు ఇది."

"ఏమయ్యో! గుంటూరు దానికి గోంగూర నేర్పుతావా? మా పుట్టింట్లో ఊయల్లో వేసేటప్పుడే నాలిక్కి రాస్తారు." పకపక నవ్వింది. "మరి ఏంటంటావ్ ఇది?"

ఆకు తుంచి నా నోట్లో వేసుకుని నమిలి, బయటికి ఉమ్మాను. ఇంకొకటి ఆమెకు ఇచ్చాను.

"కొరికి సూడుండ్రి. పులుపుంటే తప్పు నాది."

నవ్వుతూనే కొరికింది. పులుపు కోసం నాలుక కదిలించింది. ఇంకోసారి కొరికింది. నవ్వు ఆగింది.

"పులుపు లేదు... ఏంటిది, జిడ్డుగా..."

"గంజాయి మేడం. ఉమ్మెయ్యిండ్రి."

ఉమ్మేసింది. కత్తెర పడేసింది. తెర లాగి గచ్చు మీద కూలబడింది.

"అయ్య బాబోయ్. మా ఆడవాళ్ల గ్రూపులో ఫోటో పెట్టాను దేవన్నా, 'మా ఇంటి గోంగూర' అని. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. వంటకం పెట్టమన్నారు!" ఫోను తీసి ఫోటో చెరిపేసింది. తర్వాత నా వైపు చూసింది.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"మొదటొద్దే."

"మొదటి రోజే? తెలిసీ బతికించావా?"

"సస్తున్నది గద మేడం."

"నేను చచ్చేదాన్ని కదయ్యా! దాన్ని బతికించి మమ్మల్ని చంపుతావా? పిల్లలకి పెట్టేదాన్ని. నీకు నోరెందుకిచ్చాడు దేవుడు?"

కింద పడ్డ కత్తెర తీసి గట్టు మీద పెట్టాను.

"టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టేద్దాం" అంది.

"పైపుకు అడ్డం పడ్తది. ప్లంబర్ వస్తడు."

"కాల్చేద్దాం."

"కాంపౌండంత వాసన."

"అయితే నువ్వే చెప్పు మరి, మహానుభావా!"

మొదలు దగ్గర పట్టుకుని లాగాను. చెయ్యంత మట్టిని పట్టుకుని పైకి వచ్చింది. వేళ్లు తెల్లగా, దట్టంగా, మల్లెపూల కుచ్చులాగా ఉన్నాయి. అంత మంచి వేళ్లు నేను చాలా చెట్లకు చూడలేదు. మేడం కూడా చూసింది. ముక్కలు చేసి గోనెసంచిలో వేశాను. దాని మీద ఆ రోజు కత్తిరించిన కంచె చెట్టు కొమ్మలు, పచ్చగడ్డి కుక్కాను. మేడం బకెట్‌లో మట్టిని తానే వేళ్లతో వెదికి, ఒక్క ఆకు లేకుండా ఏరి ఇచ్చింది.

"రేపు దోసకాయ పప్పు చేస్తా" అంది. "వెళ్లు. జాగ్రత్త."

చెత్త పికప్ వెనకాల మిగతా సంచుల నడుమ ఆ సంచిని పెట్టి గేటుకు పోయాను. ఖాళీ ఇళ్లలో ఏసీలు, రాగి తీగలు పోతున్నాయని, బయటికి పోయే ప్రతి సంచిలో ఇనపకడ్డీ గుచ్చి చూడాలని కొత్త హుకుం. ఆ పూట గేటు మీద కాపలాకు అబ్దుల్ ఘనీ ఉన్నాడు. పాకిస్తాన్‌లో కొండల కింది ఊరు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను చాచా అంటాడు. కానీ డ్యూటీ అంటే డ్యూటీ.

ఒక సంచి గుచ్చాడు. రెండో సంచి గుచ్చాడు. మూడోది అదే. కడ్డీ లోపలికి దిగింది. తడిగాలిలో వాసన ఒక్కసారి లేచింది.

అబ్దుల్ ఘనీ చెయ్యి ఆగింది. కడ్డీ బయటికి తీసి కొనను చూశాడు. పచ్చటి జిగురు.

"చాచా, యే క్యా హై?"

"ఘాస్" అన్నాను. గడ్డి.

"ఘాస్." ఆ మాటను కాసేపు నోట్లో పెట్టుకున్నాడు. చెక్‌పోస్టు గదిలో ఫోను ఉంది. ఒక్క అడుగు వేస్తే అందుతుంది. అతను అటు చూడలేదు. గేటు అవతల రోడ్డును, తెల్లటి ఆకాశాన్ని చూశాడు.

"మా ఊరి వాగు పక్క ఇట్లాంటి గడ్డే" అన్నాడు ఉర్దూలో, మెల్లగా. "నడుము దాకా. వాన పడ్డాక మా బర్రెలు అందులో పొర్లి వచ్చేవి. అమ్మ పాలు పిండుతుంటే చెయ్యంతా ఇదే వాసన. పదకొండేళ్లయింది చాచా." నా ముఖంలోకి చూశాడు. "నీ ఖురూజ్ ఎప్పుడు?"

"బుధవారం."

"సంచి ఎవరిది?"

నేను మాట్లాడలేదు. ఆ ఒక్కసారి అది మంచికే అయింది.

వెనక ఒక కారు హారన్ కొట్టింది. అబ్దుల్ ఘనీ అడ్డుకర్ర ఎత్తాడు.

"జా చాచా. దారిలో ఎక్కడా ఆగకు. చెత్తగుట్ట మీద ఎండలో పరిచెయ్. గంటలో ఎండి ఒట్టి గడ్డి అయిపోవాలి."

పికప్ కదిలింది. పక్క అద్దంలో చూశాను. వెనక కార్లు రెండయ్యాయి, మూడయ్యాయి, హారన్లు కొడుతున్నాయి. అతను అడ్డుకర్ర దించడం మరిచి, ఆ కడ్డీ కొనను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు.