ముందు సీటు

రెండు డబ్బాలకు మూతలు బిగించి మూడోదాంట్లో ఉర్లగడ్డ వేపుడు సర్దుతున్న గంగాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. బాణలి అడుగున అంటుకున్న ఎర్రటి ముక్కలంటే మరిది గణేష్‌కు ఇష్టం. ఆమె పుంగనూరులోని ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడు పదో తరగతి లెక్కల్లో తప్పి ఉన్నాడు. పుస్తకం పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని "వదినా, ఈ ఒక్కటీ చెప్పు, ఇంక అడగను" అంటూ రోజుకు పది లెక్కలు చెప్పించుకునేవాడు. పాసైన రోజు మైసూరుపాకు తెచ్చి తల్లికంటే ముందు ఆమె చేతిలోనే పెట్టాడు. తొమ్మిదేండ్లుగా ఆ ఎర్రటి ముక్కలు గీకి వాడి డబ్బాలోనే వేస్తోంది.

"ఏమే, అట్లా సూస్తా నిలబడితే వానికి టైము కాదా?" అని అత్త నారాయణమ్మ గరిటె లాక్కుని, తానే సర్ది మూత పెట్టింది. "టీచరమ్మ అని ఊరంతా అంటాండారు. ఇంటిపని చేయాల్సిన పనిలేదని గవర్మెంటోళ్లు రాసిచ్చినారేమో, మాకు తెల్దు."

గంగాదేవి బాణలి తీసి కడగడానికి పక్కన పెట్టింది. గమ్మున ఉండే అలవాటు ఆమెకు పెళ్లితో వచ్చింది కాదు. అంతకు చాలా ముందునుంచే ఉంది.

ఆమె పనిచేసే హైస్కూలు ఊరికి దూరంగా, ఎగువ పల్లెల దోవలో ఉంది. ఆ పల్లెలకు బస్సు లేదు. ఆడపిల్లలు గణేష్ ఆటోలోనే బడికి వస్తారు. రెండేండ్ల కిందట ఇంటింటికీ తిరిగి "మా మరిదేనమ్మా, భయం లేదు, పంపించండి" అని ఆ తల్లులకు చెప్పింది గంగాదేవే. పిల్లల రక్షణ బాధ్యత ఎవరో ఒకరికి అప్పజెప్పాలని పైనుంచి కాగితం వచ్చినప్పుడు హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో అందరినీ చూసి, చివరికి ఆమె దగ్గర ఆగాడు. "ఆడబిడ్డల సంగతి ఆడోళ్లకే తెలుస్తాది గదమ్మా. పెద్ద పనేం లేదు. నెలకోసారి పెట్టె తెరిచి, ఏమీ లేదని రాసి, సంతకం పెట్టేదే." ఆ ఫిర్యాదుల పెట్టెను తెచ్చి స్టాఫ్‌రూము తలుపు పక్కనే కొట్టించాడు. పదిమంది సార్లు చూస్తుండగా అందులో చీటీ వేసే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? అందులో ఒకసారి బల్లి గుడ్లు దొరికాయి, అంతే.

అందుకే గంగాదేవి పెట్టెను కాక పిల్లల్ని చూసేది. చూడటం ఆమెకు చిన్ననాటి నుంచి వచ్చిన పని. ఏడో తరగతి అశ్విని, గొర్రెలు కాసుకునే రెడ్డెప్ప కూతురు, ప్రార్థనకు మూడురోజులు వరసగా ఆలస్యంగా వచ్చింది. డ్రిల్లు సారు ఎండలో నిలబెట్టాడు. ఆటో అప్పటికే వచ్చి ఉంది, మిగిలిన పిల్లలందరూ వచ్చి ఉన్నారు. అశ్విని కాళ్లకు మాత్రం మోకాళ్లదాకా ఎర్రదుమ్ము. ఆటో ఉండగా ఏడు కిలోమీటర్లు యాల నడిచింది ఈ పిల్ల?

అన్నాలప్పుడు గోడ నీడకు పిలిచి అడిగితే చాలాసేపు గుడ్డు పైపెంకు గోటితో గిల్లుతూ కూర్చుంది. చివరికి "ఎవురికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడం" అంది. పిల్లల రక్షణ గురించి మదనపల్లెలో జరిగిన శిక్షణలో పాఠం చెప్పిన పెద్దమేడం మూడుసార్లు చెప్పింది, చెప్పనని మాత్రం పిల్లలకు మాటివ్వద్దండి అని. గంగాదేవి నోటుబుక్కులో ఆ మాట కింద గీత కూడా గీసుకుంది. కానీ ఈ పల్లెల్లో ఒట్టు లేనిదే ఏ పిల్లా నోరు విప్పదు. చెయ్యి తనంతట తానే పోయి అశ్విని తలమీద పడింది.

"ముందు సీట్లో ఆయన పక్కనే కూర్చోమంటాడు మేడం. గేరు మారస్తా మారస్తా..." అని ఆగిపోయింది. తర్వాత చెప్పిన రెండు మాటలూ గుడ్డుపెంకులోకే చెప్పింది. "మా నాయనకు తెలిస్తే బడి మాన్పించి గొర్రెల ఎంబడి పంపిస్తాడు. నాకు సదువు కావల మేడం."

ముందు సీటు. గంగాదేవికి తంబళ్లపల్లె దోవలోని తన ఊరూ, మదనపల్లెకు పోయే ఆ ప్రైవేటు బస్సూ కళ్లముందు నిలిచాయి. బడికి పోయేటప్పుడు ఎంత సంతోషంగా ఎక్కేవాళ్లు తనూ, స్నేహితురాలు అమరావతీ! జేబులో వేయించిన చెనక్కాయలు, ఇద్దరికీ కలిపి ఒకటే భౌతికశాస్త్రం పుస్తకం. అమరావతి నోరు ఊరుకునేది కాదు. "ఏమే గంగా, నువ్వు టీచరైతే నన్ను స్టూలు మింద కూర్చోబెట్టి గంట కొట్టే పనియ్యి, సాలు" అనేది. వానొస్తే కిటికీ రేకు కిందికి దిగేది కాదు, ఇద్దరూ ఒకే గోనెసంచి కప్పుకుని నవ్వుకుంటూ తడిసేవాళ్లు. చేనుగట్ల మీద తంగేడు పూసిన ఆ పొద్దుటిపూటల వాసన ఇప్పటికీ ఆమె ముక్కుపుటాలకు తగులుతుంది. ఆ బస్సు కండక్టరే "చిన్నబిడ్డలు, పడిపోతారు, ఈడ కూర్చోండి" అని ఇంజను పక్కన ముందు సీటు ఇచ్చేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ను మంచోడనేవాళ్లు.

అమరావతి ఇంట్లో చెప్పేసింది. మరుసటి రోజునుంచి బడి లేదు. "అందరినీ వదిలిపెట్టి నిన్నే యాల ముట్టుకున్యాడు?" అని వాళ్ల నాయన అడిగాడట. గంగాదేవిని కూడా అమ్మ అడిగింది, "నీకేమన్నా జరిగిందా మే?" అని. లేదంది. చదువు నిలిచింది. ఒంటరిగా, చేతిసంచి ఒళ్లో గట్టిగా అదుముకుని, ఇంకా రెండేండ్లు అదే బస్సెక్కింది. దోవలో ఒక్కోసారి గొర్రెల వెనక అమరావతి కనిపించి చెయ్యెత్తేది. మొదట్లో నవ్వుతూ, తర్వాత ఊరికే. నోరు విప్పిన పిల్ల గొర్రెల వెంట పోయింది, మూసుకున్న పిల్ల టీచరయింది. ఈ సంగతి గంగాదేవి ఎవరికీ చెప్పలేదు, పెండ్లి చేసుకున్నవాడికి కూడా.

నిన్న మళ్లీ అశ్విని పక్కన కూర్చుంది. "నేను చేసింది తప్పు బంగారూ. ఆ ఒట్టు నేనెయ్యకూడదు. ఇది నేను చెప్పాల. నీ తప్పు రవ్వంత కూడా లేదని మీ నాయనకు నేనే వచ్చి చెప్తా. సదువు మాననియ్యను." పిల్ల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత, అచ్చం చిన్నప్పుడు గంగాదేవీ అమరావతీ అన్నట్టే, "ఒట్టు తీసి గట్టున పెట్టినా మేడం" అంది.

పోలీసులకివ్వాలని ఆమె రాసిన కాగితం చూసి హెడ్మాస్టరు కళ్లజోడు తీశాడు. "మీ ఇంటి మనిషే గదమ్మా. ఇంట్లోనే మాట్లాడుకుంటే పోయేదానికి స్కూలు పేరు యాల బజారుకు?"

సాయంత్రం భర్త ధనుంజయకు జరిగింది చెప్పి, స్టేషనుకు పోతానంది. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేదేమో. "ఎవురా బిడ్డ?" అన్నాడు. చెప్పనంది. ఆయన బయటికి పోయి తమ్ముడితో మాట్లాడి వచ్చి, తలుపు దగ్గరకేసి, మెల్లగా అన్నాడు. "సూడు గంగా, నేను వాన్ని అడిగినా. ఏదో ఎగతాళికంటాడు. తప్పే అనుకో. రేపట్నించి ఆ దోవలో ఆటో తోలడు, సరేనా? హార్స్‌లీ హిల్స్‌కు టూరిస్టుల్ని తోలుకుంటాడు. ఆ బిడ్డకు బాధ ల్యా, వానికి జైలు ల్యా. నీకేం కావల ఇంక?"

నిజమే, ఏం కావాలి? ఆ మాట ఎంత మెత్తగా ఉందంటే, ఆమె దాదాపు తల ఊపింది. రాత్రంతా ఆ మెత్తదనం మీదే తలపెట్టి పడుకుంది.

తెల్లారి లేచి బియ్యం కడుగుతుంటే కుప్పం గుర్తొచ్చింది. టీచరు ట్రైనింగుకు కుప్పంలో చేరిన కొత్తల్లో ఒకరోజు బస్సెక్కింది. టికెట్ టికెట్ అంటూ వచ్చింది ఆ కండక్టరే. ఆమె ఆ బస్సెక్కడం మానేశాక ఊళ్లో గొడవైతే బస్సు ఓనరు మంచిగా మాట్లాడి, వేరే రూటుకు మార్చాడట. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. చిల్లర ఇచ్చి ముందుకు పోయాడు. ఇంజను పక్కన ముందు సీట్లో ఇద్దరు ఆడబిడ్డలు, ఒళ్లో పుస్తకాలతో కూర్చోని ఉన్నారు. గంగాదేవి తర్వాతి స్టాపులో దిగిపోయింది. ఆరోజు ఆమె చేసింది అదొక్కటే, దిగిపోవడం.

టూరిస్టులకు మాత్రం పిల్లలుండరా?

"వదినా, నేనేం సేసినానని అన్న అట్లా అంటాడు?" గణేష్ వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ గొంతు లెక్కలు అడిగినప్పటి గొంతే. ఆమె తలెత్తి వాడి ముఖం చూసింది. చూపు పక్కకు తిప్పుకున్నది వాడే.

"వాన్ని అట్లా సూస్తావేందే, సొంత బిడ్డ మాదిరి పెంచినదానివి," అని అత్త అంటోంది. "నీ అమ్మగారింట్లో ఒగుడు ఇట్లా సేసుంటే పోలీసు గడప తొక్కతావా?"

"తొక్కాల్సింది, అత్తా. ఎప్పుడో తొక్కాల్సింది," అంది గంగాదేవి.

ఆ మాట అర్థం కాక నారాయణమ్మ పెద్దకొడుకు వైపు తిరిగింది. ధనుంజయ మాత్రం తువ్వాలు భుజాన వేసుకుంటూ ఆగి, పెండ్లైన ఇన్నేండ్లకు మొదటిసారి భార్యను చూస్తున్నట్టు చూశాడు. ఏదో అడగబోయాడు.

ఆమె చేతులు తుడుచుకుంది. బీరువాలోంచి రాసిపెట్టిన కాగితం తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. ముందు స్టేషను. ఆపైన రెడ్డెప్ప ఇల్లు. చెప్పులేసుకుని, ఏ ఆడదీ ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు మరవని "పొయ్యొస్తా" అన్న ఆ మాట కూడా అనకుండా, గడప దాటింది.