బావమరిది సీసా

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ ఉక్కుపిండం అంటారు. బెంజీన్ పంపుల దగ్గర పనిచేస్తూ కూడా మూడేళ్లుగా మూత్రపరీక్షలో ప్రమాదపు గీత దాటని మనిషి అతనొక్కడే మరి. ఆ బెంజీన్‌తోనే ప్లాస్టిక్కుకీ టైర్ల రబ్బరుకీ కావలసిన సరుకు తయారుచేస్తారు. దాని ఆవిరి పీలిస్తే నెత్తురు చెడుతుందని గోడమీద బొమ్మ వేసి మరీ రాశారు.

అసలు సంగతేమిటంటే, అతని పేరుతో పరీక్షకి వెళ్తున్నది బావమరిది మూత్రం. బావమరిది అక్కడే తోటమాలి. పొద్దస్తమానం గేటు దగ్గర మంచిగాలిలో మొక్కలకి నీళ్లు పెట్టుకుంటాడు. ఒకప్పుడు గీత దాటినవాళ్లని ఇంటికి పంపేసేవారు. ఆ భయంతో మొదలైన ఏర్పాటిది. పరీక్ష రోజున బావమరిది చిన్న సీసా మేజోడులో చుట్టి అందించేవాడు. ఇతను చల్లారకుండా చంకలో పెట్టుకుని వెళ్లేవాడు.

"అక్కనిచ్చింది చాలక ఇది కూడానా బావా" అని ఆ కుర్రాడి వేళాకోళం. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. ఏం తెలివి!

ఈమధ్య చిగుళ్లలోంచి నెత్తురు కారుతోంది. ఏ దెబ్బా తగలకుండానే చేతులమీద కమిలిన మచ్చలు. రెండు మెట్లెక్కితే ఆయాసం. గీత దాటితే ఉద్యోగం తియ్యకూడదు, నెత్తురు పరీక్ష చేయించి ప్యాకింగుకి మార్చాలి అని ఈ ఏడే కొత్త నియమం వచ్చింది. ఇంకేం, ఈసారి నీదే ఇవ్వమని భార్య చేతిలో చెయ్యి వేయించుకుంది. ఇచ్చాడు.

నాలుగోనాడు డాక్టరు కబురు చేశాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, క్షమాపణ చెప్పుకున్నంత పని చేశాడు. లెక్క గీతకి మూడింతలు వచ్చిందట, నర్సు సీసాలు మార్చేసి ఉంటుందట, ఆమెని చీవాట్లు పెట్టాడట. ఖాళీ సీసా ఒకటి చేతికిచ్చి, మళ్లీ పట్టి ఇమ్మన్నాడు.

"మారలేదండీ. అది నాదే."

డాక్టరు మూడేళ్ల కాగితాలు తీసి బల్లమీద పరిచాడు. ఒక్కొక్కటీ కడిగిన ముత్యంలా ఉంది.

"అది నీదైతే ఇవెవరివయ్యా?"

ఆ గొంతులో కోపం లేదు. అదే ప్రాణం తీసింది. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. పైపు పట్టుకుని బావమరిది అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడికి రెండు నెలల పసిపాప. నిజం చెబితే మోసం చేశారని ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి, ఒకే ఇంటిలో రెండు పొయ్యిలూ ఆరిపోతాయి. చెప్పకపోతే ఆ పంపులు తనని వదలవు.

"మారిపోయే ఉంటుంది లెండి" అన్నాడు చివరికి.

డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఆ మూడింతల లెక్క కొట్టేసి సంతకం పెట్టించుకున్నాడు. "నీలాంటివాడు ఉన్నంతకాలం ఆ పంపుల దగ్గరికి ఇంకొకర్ని వెతుక్కోనక్కర్లేదయ్యా" అని భుజం తట్టాడు.

ఉక్కుపిండం ఖాళీ సీసా జేబులో వేసుకుని తోటవైపు నడిచాడు.