చిన్నవాడి బూట్లు

ఉదయం ఆరింటికి చిన్నకోడలు షెడ్డు తలుపు దగ్గర ఆగి, సున్నపు నీళ్ళ తొట్టిలో రెండు కాళ్ళూ ముంచి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళేది. లోపల ఇరవై ఒక్క బోను, నలభై రెండు తెల్ల కుందేళ్ళు. కిటికీలకు దోమల జాలీ తనే మేకులు కొట్టి బిగించింది. మేతకు ఇంటి వెనక మడిలో పెంచిన గడ్డే వేసేది. పొలం గట్టున ఎంత పచ్చగా కనిపించినా కోసేది కాదు. ఆ గట్టు మీద అడవి కుందేళ్ళు తిరుగుతాయి. అవి రెండు నెలలుగా చస్తున్నాయి.

ముందు కళ్ళు ఉబ్బి మూసుకుపోతాయి. చెవుల మొదళ్ళలో గడ్డలు లేస్తాయి. పట్టపగలు దారి మధ్యలో కూర్చుని, సైకిల్ బెల్లు కొట్టినా కదలవు. ఒక బొరియలో ఒకటి చచ్చిందంటే, కొద్ది రోజుల్లో ఆ బొరియలో ఊపిరి తీసేది మిగలదు. చచ్చినదాని ఒళ్ళు చల్లబడగానే బొచ్చులోని పురుగులు దాన్ని వదిలేసి, వెచ్చగా ఉన్న మరోదాని మీదికి గెంతుతాయని, జబ్బు వాటి మూతిలోనే ఉంటుందని పశువుల డాక్టరు చెప్పాడు.

ఆ జబ్బును పొలానికి తెచ్చింది ఆ ఇంటి పెద్దకొడుకు. దాచుకోలేదు కూడా. క్యాబేజీ వరసలు వరసలుగా కొరికేస్తున్నాయని, కొండ అవతల జబ్బుపడిన కుందేలును గోనెసంచిలో వేసుకొచ్చి కంచె కింది బొరియలో వదిలాడు.

"మందు పెడితే తినలేదు, ఉచ్చు వేస్తే పడలేదు. అందుకని చుట్టాన్ని పంపా. మర్యాదలు చేసుకుంటున్నాయి," అని డాక్టరుతోనే అన్నాడు.

ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు, మధ్యలో వాకిలి. ఆ వాకిలి నేల ఇంటివాళ్ళ అడుగులను ఉంచుకుంటుంది. బయటివాళ్ళు ఎంత తొక్కినా గుర్తు పడదు. ఇంటివాళ్ళ అడుగు పడితే వానకూ పోదు, చీపురుకూ పోదు. చిన్నకోడలు కాపురానికి వచ్చిన రోజున ఐదో అడుగు నుంచి ముద్ర పడింది. మొదటి నాలుగూ నేల ఆలోచించుకుందని భర్త ఏడిపించేవాడు. పెద్దకొడుకు భార్య పుట్టింటికి వెళ్ళిపోయి పదేళ్ళయినా, గేటు వైపు ఆమె వేసిన పెద్ద పెద్ద అంగలు అలాగే ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట చిన్నకొడుకు రబ్బరు బూట్లు తొడుక్కుని, షెడ్డులో మేత వేసి, అట్నుంచి అటే గేటు దాటాడు. ట్రాక్టరు తిరగబడింది. బూట్లు మాత్రం తిరిగొచ్చాయి. వసారాలో వాటిని పెట్టిన చోటి నుంచి ఎవరూ తీయలేదు. అతని చివరి అడుగుల వరసను ఎవరూ తొక్కరు.

ఆ నేల మీద అడుగున్నవాళ్ళను వెళ్ళమనే హక్కు ఎవరికీ లేదు. అది చనిపోయిన ఇంటి పెద్ద పెట్టిన కట్టడి. అతని భార్య, ఆ ఇద్దరు కొడుకుల తల్లి, ఇంకా ఉంది. నడుము వంగిపోయి తల ఎత్తలేదు. వసారాలో కుర్చీలో కూర్చుని, నేల మీద పడే అడుగును బట్టి వచ్చిందెవరో పోల్చుకుంటుంది.

పెద్దకొడుక్కి తమ్ముడి వాటా కావాలి. కానీ మరదలిని పొమ్మనలేడు. అందుకని కదిలిస్తూ ఉండేవాడు.

"నీ కుందేళ్ళ కంపుకే కంచె కిందవి ఇటొస్తున్నాయి."

"మీ క్యాబేజీ వాసనకి కాదా బావగారూ?"

"నోరు బాగా లేస్తోంది. ఎన్నాళ్ళుంటావిక్కడ?"

"షెడ్డు ఖాళీ అయిన రోజున నేనే పోతా. అంతవరకూ నన్ను కదిపేవాడు పుట్టలేదు."

అన్న మనిషి ఆ మాట మర్చిపోయింది. విన్న మనిషి మర్చిపోలేదు.

ఒక సోమవారం ఆమె దాణా కోసం వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. తర్వాతి సోమవారం మూడో బోనులో తల్లి కుందేలు కళ్ళు తెరవలేదు. శనివారానికి పదకొండు జబ్బుపడ్డాయి.

డాక్టరు వచ్చి ఆ పదకొండింటికీ నొప్పి తెలియకుండా ప్రాణం తీసే సూది వేశాడు. మిగతావాటికి టీకా వేశాడు. జాలీ అంతా వేలితో తడిమి చూశాడు. మూడో బోను కింద చేయి పెట్టి బొచ్చు పోగు ఒకటి తీశాడు. అది బూడిద రంగులో ఉంది.

"నీ దగ్గర తెల్లవే కదమ్మా. కంచె దగ్గర్నుంచి ఇక్కడికి మూడు వందల గజాలు. ఈ పురుగు అంత దూరం గెంతదు. చచ్చినదాన్ని ఎవరో మోసుకొచ్చి బోనుకు ఆనించారు."

తన వైపు మెట్ల మీద నిలబడి పెద్దకొడుకు వింటున్నాడు. "బయటివాడెవడో అయ్యుంటాడు. షెడ్డు దగ్గర నా అడుగు ఒక్కటుంటే చూపించండి," అన్నాడు.

నిజమే, ఒక్కటీ లేదు.

చిన్నకోడలు భర్త అడుగుల దగ్గర గొంతుక్కూర్చుంది. నాలుగేళ్ళుగా వాటిలో రాలిన ఆకులు తీసేది ఆమే. ఎప్పుడూ గోరు మునిగేంత లోతు. ఇప్పుడు వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. పక్కదాంట్లోనూ అంతే. షెడ్డు దాకా అంతే, అక్కడి నుంచి గేటు దాకా అంతే.

"డాక్టరుగారూ, ఇలా రండి. ఈయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఒళ్ళు చేశారంటారా?"

డాక్టరు వంగి చూశాడు. వసారాలోని బూట్ల వైపు చూశాడు. ఎడమ బూటు మడమ దగ్గర, నాలుగేళ్ళ దుమ్ము మీద కొత్త మట్టి అంటి ఉంది.

"బయటివాడైతే నేరుగా నడిచొస్తాడమ్మా," అన్నాడు. "ఇంకొకరి అడుగు అరువు తెచ్చుకోవాల్సిన పని వాడికేముంది?"

"ఏం కూస్తున్నారు ఇద్దరూ?" పెద్దకొడుకు మెట్లు దిగి విసురుగా వాకిలికి అడ్డంపడి వచ్చాడు. "నా ఇంట్లో నిలబడి నన్నే దొంగంటారా? నీ సూదులు నువ్వు పొడుచుకుని పో!"

డాక్టరు అతని వెనక నేల వైపు చూస్తున్నాడు. చిన్నకోడలు కూడా అటే చూసింది. చివరికి పెద్దకొడుకూ వెనక్కి తిరిగాడు.

మెట్ల నుంచి అతను నిలబడ్డ చోటు దాకా నేల శుభ్రంగా ఉంది. మడమ నొక్కి తొక్కాడు. చెప్పు విప్పి వట్టి కాలితో తొక్కాడు. గుర్తు పడలేదు. ఆ సోమవారం తమ్ముడి అడుగుల్లో గేటు దాటాక, బూట్లు సంచిలో పెట్టుకుని చెప్పులతో తిరిగొచ్చినప్పుడు అతను కింద చూసుకోలేదు. మెట్ల పక్కన తను నడక నేర్చిన బుల్లి అడుగులు ఉండాలి. వాటి కోసం వెతికాడు. అక్కడా నున్నగానే ఉంది.

వసారాలోకి వెళ్ళి తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె వంగిన తలతో అతను నడిచొచ్చిన నేలను చూసింది.

"ఎవరండీ?"

"నేనే అమ్మా."

"పెద్దోడి కోసమా బాబూ? ఇంట్లో లేనట్టున్నాడు, అడుగు కనిపించట్లేదు. కూర్చుని మంచినీళ్ళు తాగండి. పొద్దుపోకముందే బయల్దేరండి మరి, పొలాల్లో జబ్బు తిరుగుతోంది."

"అమ్మా, నా గొంతు..."

"గొంతుదేముంది బాబూ," అందామె. "ఎవరైనా అరువు తెచ్చుకుంటారు."

షెడ్డులో ముప్పై ఒక్క కుందేళ్ళు మేత కోసం బోనులు గీరుతున్నాయి. చిన్నకోడలు లేచింది. సున్నపు నీళ్ళ తొట్టి రెండు చేతులా ఎత్తి, గేటు దగ్గర దించింది. వచ్చిపోయే అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పింది.

"కాళ్ళు ముంచి వెళ్ళండి."

బావగారూ అనలేదు.