పడుకున్నవాడి పరుగు

"జబ్బు కాలికైతే గుండెను చూస్తామంటారేమిట్రా? వెతికితే ఏదో ఒకటి దొరక్క మానదు," అంది తల్లి.

మెట్ల కింద కరెంటు మీటర్ల ముందు వంగిన కొడుకు వెనక్కి తిరగలేదు. "ఆసుపత్రి గడప తొక్కకముందే నన్ను చంపకమ్మా."

అతనికి యాభై దాటాయి. ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసి బిల్లు కొట్టివ్వడం పని. ఒంటిపూట సెలవే దొరికింది కనక, ఈ మేడ పూర్తిచేసి అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లాలి. దారిలో ఏమైనా అయితేనో అని ఆవిడ వెంటపడి వచ్చింది. కుడి బూటుకు బొటనవేలి దగ్గర కత్తెరతో కిటికీ చేసుకున్నాడు. అందులోంచి కనబడే వేలు వంకాయ రంగుకు తిరిగింది.

సగం మెట్లకోసారి ఆగి, ఖాళీ గోడ మీదకు టార్చి వేసి, లేని మీటరేదో చదువుతున్నట్టు నిలబడుతున్నాడు. పిక్క పట్టు వదిలేదాకా అంతే.

"మీటరు చూడ్డానికొచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా?" పైనుంచి ఒక ఇల్లాలు నవ్వింది.

"పెళ్లిచూపులైతే కాఫీ అయినా ఇచ్చేవారు కదండీ!"

తల్లికి నవ్వు రాలేదు. వీడికి నవ్వడానికి ఊపిరి చాలుతోందా లేదా అని చూసుకుంది.

కాల్లో రక్తనాళం పూడిపోయింది, పక్కనుంచి కొత్త దారి వెయ్యాలని సర్జను ముందే చెప్పాడు. దానికి ముందు మత్తిచ్చే డాక్టరమ్మ సరేననాలి.

"రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా?" ఆసుపత్రిలో అడిగింది డాక్టరమ్మ.

"అదేం మాటమ్మా! వాడి ఉద్యోగమే మెట్లెక్కడం," అంది తల్లి.

"ఆయన్ని చెప్పనివ్వండి పెద్దమ్మా."

"ఆగి ఆగి ఎక్కుతానండీ."

"ఛాతీలో నొప్పి?"

"లేదండీ."

డాక్టరమ్మ మొహం విచ్చుకోలేదు. "కాలే ముందు ఆపేస్తుంటే గుండెకు కష్టం తెలిసేదెప్పుడు? కాల్లో పూడినవాళ్లకు గుండెలోనూ పూడి ఉండొచ్చు. పడుకోబెట్టి, మందెక్కించి, గుండెను పరుగెత్తించి చూస్తాం. నొప్పొస్తే దాచకండి. వస్తే ముందు గుండె సంగతి, తర్వాతే కాలు."

పడుకున్నవాడు పరుగెత్తడమేమిటో తల్లికి అంతుపట్టలేదు. పరుగెత్తించడం వచ్చినవాళ్లకు ఆపడం కూడా వచ్చా? నొప్పి ఉందంటే ఆపరేషను వెనక్కిపోతుంది, ఈలోపు నలుపు పైకి పాకుతుంది. కాలు తీసేస్తే మెట్లెక్కే ఉద్యోగం ఎవరిస్తారు? అలాగని వీడు నొప్పి దాచేస్తే, రేపు ఆపరేషను బల్ల మీదే... మనసులో కూడా ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

పరీక్ష మొదలయ్యాక, బయట నిలబడి తెర సందులోంచి తొంగిచూసింది. మిషను మీద గీత ఎగిరెగిరి పడుతోంది. కొడుకు నుదుటి నిండా చెమట.

"నొప్పి ఉందా?"

అతను పైకప్పు చూస్తున్నాడు. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. పెదాలు బిగించాడు.

ఏ జవాబు కోసం దండం పెట్టుకోవాలో తెలియక తల్లి తెర పక్కకు లాగేసింది. "ఒరే నాన్నా, ఉంటే ఉందను, లేకపోతే లేదను. ఏదన్నా నేనేడవను."

నర్సు చెయ్యి మందు గొట్టం దగ్గర ఆగింది. అతను తల్లి వైపు తల తిప్పాడు.

"ఉందమ్మా," అన్నాడు. "నిరుటి నుంచీ ఉంది."