పదకొండు నెలల సముద్రం

కొత్తపేట రైతుబజార్ వెనక గల్లీలో అండాలమ్మ ప్రతి పొద్దూ మొదట చేసే పని, సముద్రం పోటు వచ్చేలోపు డాబా ఎక్కి తీగ మీది బట్టలూ చాప మీది మిరపకాయలూ కిందికి దించుకోవడం. పోటు ఏ రోజూ నిన్నటి వేళకు రాదు, కాస్త జరిగి వస్తుంది. ఆ లెక్క అండాలమ్మకు తెలిసినంతగా ఏడు సముద్రాలు తిరిగిన ఓడ కెప్టెన్లకు కూడా తెలియదు. మెట్ల మీద నిలబడి గాలి ఒకసారి ఎగబీల్చి, "ఇంకో చాయ్ తాగేంత టైమున్నది" అందంటే అంతే. ఆ చాయ్ తాగి గ్లాసు కడిగి బోర్లించేసరికి మొదటి అల వచ్చి వాటర్ ట్యాంకుకు కొట్టుకునేది.

ఈ సముద్రం, డాబా మీది గదిలో కిరాయికున్న జుహూరాతో పాటు వచ్చింది. ఆమెది ఆఫ్రికా పక్కన జాంజిబార్ అనే దీవి. ఎమ్మెస్సీ చదవడానికి స్టూడెంట్ వీసా మీద హైదరాబాదొచ్చి, ఒక సూట్‌కేసుతో, ఒక రైస్ కుక్కర్‌తో ఆ గదిలో దిగింది. కొన్నాళ్లకే ఒక తెల్లవారుజామున గది ముందర డాబా నిండా నీలం నీళ్లు. పిట్టగోడ దాటి ఒక్క చుక్క గల్లీలో పడదు. గోడ అవతల కూడా గాలిలో అలాగే, ఎల్బీనగర్ మీదుగా కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. కింద మెట్రో రైళ్లు, పైన అలలు.

ఇంటాయన మట్టయ్య, అండాలమ్మ పెనిమిటి, నల్లగొండ దగ్గర ఉన్న చెలక భూమంతా అమ్మి ఆ ఇల్లు కట్టినవాడు. పైకొచ్చి చూసి ఒక్కటే అడిగాడు.

"స్లాబుకు నెమ్ము ఎక్కుతదా బిడ్డా?"

అప్పటికి జుహూరాకు తెలుగు రాదు. ఊరికే చెయ్యి ఊపింది. ఎక్కదని అర్థం చేసుకుని మట్టయ్య దిగిపోయాడు. నెమ్ము నిజంగానే ఎక్కలేదు.

ఎదురింటి ఉదయలక్ష్మి మాత్రం ఆ రోజు నుంచీ ఒక్క సాయంత్రం పోటు వదల్లేదు. ఆవిడది బందరు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. క్లాసు అవగానే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి దిగి, "హమ్మయ్య, మళ్లీ మనిషినయ్యానండీ" అనేది. ఆవిడ ఒక్క మునక వేసిందంటే ఆవలి ఒడ్డున జాంజిబార్లో పడవలు ఊగేవి, ఇందులో అబద్ధమేమీ లేదు.

జుహూరా మాత్రం నీళ్లలోకి దిగేది కాదు. గడప మీద కూర్చుని పాదాలు తడుపుకునేది, అంతే. వాళ్లమ్మ ఆ ఆవలి ఒడ్డునే చేపలమ్ముతుంది. ఇప్పుడు తన పాదాలను తాకిన నీరు కాసేపటికి అమ్మ పాదాలను తాకుతుంది. ఆ నీటి అడుగున ఒకే ఇసుక. పోటు తీసేదాకా అలా కూర్చుని, నీళ్లు వెళ్లిపోయాక తడి డాబాను చూస్తూ ఇంకాసేపు కూర్చునేది. అండాలమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీసేది. ఆమె నోట్లోంచే జుహూరాకు తెలుగు పట్టుబడింది. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల బేరానికి దిగితే రైతుబజార్లో తక్కెళ్లు వాటంతటవే ఆమె వైపు మొగ్గేవి.

ఇంతలో జుహూరా ఇక్కడ ఉండడానికిచ్చిన పర్మిట్ గడువు దగ్గరపడింది.

"వీసా ఉన్నది గదనే. మళ్ల గీ పర్మిట్ ఏంది?" అంది అండాలమ్మ.

"వీసా అంటే గేటు తీసుడు పెద్దమ్మా. పర్మిట్ అంటే లోపల కూసోనిచ్చుడు."

"కూసోమని నేను జెప్తున్న గదా!"

"నువ్వు జెప్తే కంప్యూటర్ వినదు."

మట్టయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏదీ, గా పర్మిట్ కాగితం నాకు సూపెట్టు."

"కాగితం ఉండదు పెద్దనాయినా. స్టాంపు గుద్దుడు ఉండదు. అర్జీ ఫోన్ల బెట్టుడు, జవాబు మెయిల్‌ల ఒచ్చుడు."

"గాల్ల అర్జీ, గాల్ల జవాబు. దానికన్న గీ సముద్రం నయం, చేతికి తగుల్తది."

గాల్లోంచి వచ్చిన జవాబు మాత్రం గట్టిదే. కోర్సు ఇంకా ఏడాది పైన ఉంది. చదువు ముగిసేదాకా ఉండబోయే ఇంటి కిరాయి అగ్రిమెంటు జతచేయమన్నారు. నెలాఖరులోగా అది ఎక్కించకపోతే అర్జీ మూతపడుతుంది. మూతపడితే దేశం విడిచి వెళ్లాలి, చదువు సగంలో ఆగిపోతుంది. వాళ్లమ్మ ఆ చదువు కోసం తన పడవకున్న ఇంజను అమ్మేసింది.

మట్టయ్య అంతా విని కుర్చీలోంచి లేచాడు. "పదకొండు నెలలకు రాసిస్త. మీద ఒక్క దినం రాయ."

"ఎందుకు పెద్దనాయినా?"

"పదకొండు దాటితే ఇల్లు కిరాయిదారుదైతది. గిది లోకమంత ఎరుకే."

నిజంగానే లోకమంతా ఎరుకే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సొంతిల్లున్న ఏ మనిషిని నిద్రలో లేపి అడిగినా పదకొండు నెలలే అంటాడు.

"అదేం కాదండీ మట్టయ్యగారూ," అని ఉదయలక్ష్మి సర్దిచెప్పబోయింది. "ఏడాదీ ఆ పైనా అయితే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అంతే తేడా. ఇల్లు ఎక్కడికీ పోదు."

"నువ్వు లెక్కలు జెప్పినదానివి టీచరమ్మా, నేను ఇల్లు గట్టినోణ్ణి. చెలక బోయింది, ఎడ్లు బోయినయ్. నాకు మిగిలింది గిదొక్కటే. గిది గూడ బోతే నేను యాడ నిలబడాలె?"

జుహూరా వేరే ఇంటి కోసం వెతికింది. కర్మన్‌ఘాట్ గుడి సందులన్నీ తిరిగింది, ఎల్బీనగర్ కాలనీలన్నీ తిరిగింది. టు-లెట్ బోర్డు ఉన్న ప్రతి గేటు దగ్గరా అదే మాట. ఒకామె మాత్రం పదకొండు దాటినా పర్లేదు గానీ సముద్రం మాకొద్దు, పైన కొత్త టైల్స్ వేయించామంది.

నెలాఖరు వారంలో పడవ వచ్చింది.

సాయంత్రం పోటు మీద, ఎల్బీనగర్ వైపు నుంచి, మనిషి లేకుండా, తెడ్డు లేకుండా. వెనక ఇంజను బిగించే చోట ఖాళీ బొక్కలు. వచ్చి పిట్టగోడకు ఆనుకుని ఆగింది. జుహూరా దాని అంచు నిమిరింది. తాడు తీసి, మరో అంతస్తు వేద్దామని మట్టయ్య వదిలి ఉంచిన పిల్లర్ చువ్వలకు కట్టింది. పోటు తీసినా పడవ కదల్లేదు. ఆరిన డాబా మీద ఒరిగి పడుకుంది.

"నీ కోసమే పంపింది మీయమ్మ," అంది అండాలమ్మ.

"అమ్మ పంపలే పెద్దమ్మా. అదే ఒచ్చింది."

ఆ రాత్రి జుహూరా ఫోనులో అమ్మకు పడవ సంగతి చెప్పింది. వాళ్లమ్మ, నువ్వొస్తే బాగుండునని ఒక్కసారి గట్టిగా అనుకున్నాను, అంతే, ఒడ్డున పడవ లేదు, అంది.

చివరి రోజు సాయంత్రం జుహూరా సూట్‌కేసు పడవలో పెట్టింది. రైస్ కుక్కర్ అండాలమ్మకిచ్చింది. మట్టయ్య పైకి రాలేదు. బాటసింగారం పండ్ల మార్కెట్లో పని ముగించుకుని రాగానే కింద వరండాలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అగ్రిమెంటు కోసమని ఉదయలక్ష్మి తెచ్చిన స్టాంపు కాగితం, గడువు రాయాల్సిన చోటు ఖాళీగా, టీపాయ్ మీద అలాగే ఉంది.

పోటు నిండింది. జుహూరా పడవెక్కి, చువ్వలకున్న తాడు తన చేత్తోనే విప్పింది. నీళ్లు వెనక్కి తీయడం మొదలైంది. పడవ కదిలింది.

ఇల్లూ కదిలింది.

తాడు లేదు, గొలుసు లేదు. రెండంతస్తుల ఇల్లు పునాదితో సహా పైకి లేచి, తల్లి వెనక దూడలాగా పడవ వెంట నడిచింది. కరెంటు తీగలు వీణ తీగల్లా మోగాయి. బోరు పైపు వంగింది. గేటు మాత్రం ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ చప్పుడుకు నాగోలు దాకా కుక్కలు మొరగడం మానేశాయి.

మట్టయ్య టీపాయ్ మీది కాగితం గుప్పిట పట్టుకుని, మూడేసి మెట్లు ఒక్క అంగగా డాబా మీదికి దూకాడు.

"ఏయ్ బిడ్డా! ఆగు! నా ఇల్లు యాడికి గుంజకపోతున్నవ్?"

జుహూరా పడవలోంచి వెనక్కి తిరిగింది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"నేనేడ గుంజుతున్న పెద్దనాయినా? తాడు సుత లేదు, సూడు. అదే ఒస్తున్నది."

మట్టయ్య కాగితం జేబులో దోపుకుని తన రెండు చేతులతో పడవ అంచు పట్టాడు. ఆ చేతులు కొత్తపేట పాత పండ్ల మార్కెట్లో లారీలకు లోడు కట్టిన చేతులు. ఆయన బిగించిన లోడు ఢిల్లీ దాకా పోయినా ఒక్క బత్తాయి అటిటు జరిగేది కాదు. అటు హిందూ మహాసముద్రం, ఇటు మట్టయ్య. ఇల్లు గల్లీ మధ్యలో ఒగరుస్తూ ఆగింది.

"ఎక్కుండ్రి పైకి!" అని అరిచింది అండాలమ్మ ఎదురింటి వైపు. ఉదయలక్ష్మి అప్పటికే, ఇల్లు తన వరండాకు ఆనుకోగానే, అక్కణ్ణుంచి నేరుగా మెట్లెక్కింది.

"మట్టయ్యగారూ, పెన్ను."

"నేను పడవ ఇడిస్తే ఇల్లు బోతది టీచరమ్మా!"

"అయితే గడువు నేను రాస్తాను," అని ఆవిడ ఆయన జేబులోంచి కాగితం లాగింది. "ఎన్ని నెలలు?"

మట్టయ్య పడవ వైపు చూశాడు. తర్వాత కాళ్ల కింద వణుకుతున్న స్లాబు వైపు చూశాడు.

"ఎన్నన్న రాయి. పదకొండు నిండకముందే ఇల్లు దానిదై కూసున్నది గదా. నేనే లేటుగ సూసిన."

ఒక చేత్తో పడవ పట్టుకునే, రెండో చేత్తో కాగితం నీళ్ల ట్యాంకు మీద పెట్టి సంతకం గీశాడు. ఉదయలక్ష్మి, అండాలమ్మ సాక్షులు. ఆఖరి అక్షరం పడగానే ఇల్లు ఒక నిట్టూర్పు విడిచి వెనక్కి నడిచి, పునాదితో సహా పాత చోటులోనే కూర్చుంది. జుహూరా పడవ దిగి, తాడు మళ్లీ చువ్వలకు కట్టి, ఆ తడిసిన కాగితాన్నే ఫొటో తీసి గడువు ముగియకముందే ఎక్కించింది. మర్నాడు రిజిస్ట్రేషన్ అయింది, అదీ ఎక్కించింది.

కొద్దిరోజులకు మెయిల్ వచ్చింది. చదువు అయ్యేదాకా పర్మిట్. అండాలమ్మ గల్లీ అంతా బెల్లం పంచింది. మట్టయ్య ఫోను తెర మీద వేలు పెట్టి, "గింతేనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ సాయంత్రం పోటు మీద జుహూరా ఒక్కతే పడవ దగ్గరికి వచ్చింది. నీళ్లు తీసేదాకా దాని అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. నీళ్లు తీయడం మొదలవగానే అమ్మకు ఫోను చేసింది.

"అమ్మా, పడవ వస్తోంది. ఖాళీగా వస్తోంది. ఒడ్డున నా కోసం నిలబడకు."

తాడు విప్పింది. పడవ పిట్టగోడ దాటి, మెట్రో లైను దాటి, ఎల్బీనగర్ దీపాల మీదుగా చిన్నదైపోయింది. జుహూరా కాళ్ల కింద ఇల్లు కదల్లేదు. కదిలితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.